నుదురు కదలకపోవడమే మంచిదట

పుష్యమాసం

ఆ రోజు సాంచల షెడ్డులో నాకు మొదటి అనుమానం మల్లేశం మీద వచ్చింది.

సిరిసిల్లలో మరమగ్గాలను మేం సాంచలంటాం. మల్లేశం నా పక్క సాంచలు నడుపుతాడు. అవి నడుస్తుంటే పక్కన నిలబడి అరిచినా వినపడదు. అందుకని షెడ్డులో మా మాటలన్నీ మొహంతోనే సాగుతాయి. కనుబొమ్మలు ఎగరేస్తే ఏమైందని, పెదవి విరిస్తే లేదని, కన్ను చికిలిస్తే యజమాని వస్తున్నాడని. ఆ పొద్దున చాయ్‌కి పోదామా అని నేను మొహంతో అడిగితే మల్లేశం అర్థం కానట్టు చూశాడు. మళ్లీ అడిగాను. నవ్వాడు. వెక్కిరిస్తున్నాడనుకుని ఒళ్లు మండి అటు తిరిగాను.

కాసేపటికి అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడెలో నూలు అయిపోయింది. కొత్త నూలు కండె పెట్టి, నాడె పక్కనున్న చిన్న రంధ్రానికి నోరు ఆనించి గాలి పీలిస్తే పోగు బయటికి వస్తుంది. ఆలోచించకుండా చేసే పని. ఆ రోజు పీలిస్తే గాలి ఎడమ మూతి పక్కనుంచి లోపలికి జొరబడింది. పోగు రాలేదు. నాడె పగిలిందేమోనని తిప్పి చూశాను. ఇంకో నాడె తీసుకున్నాను. అదీ అంతే. ఎవరో కావాలని చెడగొట్టారని నిర్ధారించుకుని మల్లేశం వైపు చూశాను. అతను అప్పటికే సాంచలు ఆపి నా దగ్గరికి వస్తున్నాడు.

"అన్నా, నీ మూతి గుంజుకపోయింది," అన్నాడు చెవి దగ్గర. "గా కన్ను కూడ మూస్తలేవు. పా, ఇంటికి పోదాం."

రెండు రోజులుగా ఎడమ చెవి వెనక సలుపుతూనే ఉంది. ఆ చెవిలో సాంచల చప్పుడు భరించలేనంత పెద్దగా వినపడుతోంది. చలిగాలికని మఫ్లరు కట్టుకుని పనికి వచ్చాను.

ఇంటికి వెళ్లేసరికి నా భార్య సుజాత వాకిట్లో బీడీలు చుడుతోంది. నన్ను చూడగానే చేతిలోని ఆకు వదిలేసింది. మా అవ్వ, అంటే మా అమ్మ, లోపల్నుంచి వచ్చి, నా మొహంలోకి ఒక్కసారి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గడపలో కూలబడింది. మా బాపుకు, అంటే మా నాన్నకు కూడా మూతి వంకరతోనే మొదలైంది. తర్వాత కుడి చేయి, కాలు, చివరికి మాట పడిపోయాయి. ఏళ్ల తరబడి మంచంలో ఉండి చనిపోయాడు. ముగ్గురమూ అప్పుడు ఆ మంచాన్నే తలుచుకున్నాం.

మల్లేశం ఆటో పిలుచుకొచ్చాడు. మేం అప్పుడే బయలుదేరడం వల్ల ఎంత మేలు జరిగిందో నాకు చాలా కాలం తర్వాత తెలిసింది.

కరీంనగర్ ఆసుపత్రిలో వరండా నిండా జనం. సుజాత శాలువాతో నా మొహం సగం కప్పింది. కప్పిన మొహాన్ని జనం ఇంకా ఎక్కువ చూస్తారని ఆమెకెలా తెలుస్తుంది? ఎదురుగా ఉన్నవాళ్లు గుసగుసలాడితే నా గురించే అనుకున్నాను. చాయ్ తాగబోతే సగం చొక్కా మీద కారింది. పక్కన జమ్మికుంట దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దామె, మంచాన పడ్డ పెనిమిటిని తీసుకొచ్చినట్టుంది, తన చేతి రుమాలు తీసి మాట్లాడకుండా నా భుజం మీద వేసింది. "కుడి దిక్కున తాగు బిడ్డా, గటు కారది," అంది. ఆమె చేసిన సాయం నాకు ఆ క్షణంలో అవమానంగా తోచింది. రుమాలు ఇచ్చేద్దామని చూసేసరికి ఆమెను లోపలికి పిలిచారు.

డాక్టరు నా చేతులు పట్టి గట్టిగా పిసకమన్నాడు. కాళ్లు ఎత్తమన్నాడు. నాలుగు మాటలు చెప్పించాడు. ప, బ, మ అన్నప్పుడల్లా గాలి జారుతోంది గానీ మాట తప్పలేదు. తర్వాత, "నొసలు పైకి లేపుండ్రి," అన్నాడు. కుడి కనుబొమ్మ లేచింది. ఎడమ పక్క నుదురు ఇస్త్రీ చేసిన గుడ్డలా చదునుగా ఉండిపోయింది.

"మంచిదే," అన్నాడు డాక్టరు. అతని మొహంలో తృప్తి కనపడింది.

ఒక మనిషి మొహంలో కదలాల్సింది కదలకపోతే డాక్టరు సంతోషపడతాడా? అడిగాను. అతను తొందరలో చెప్పాడు. మెదడులో దెబ్బ తగిలి వచ్చే పక్షవాతంలో మూతి వంకర పోయినా నుదురు సాధారణంగా కదులుతుందట, ఎందుకంటే నుదుటికి మెదడు రెండు వైపుల నుంచీ కబురు వస్తుందట. నాకు నుదురుతో సహా ఒక పక్కంతా ఆగిపోయింది, చేతులూ కాళ్లూ బాగున్నాయి, కాబట్టి పాడైంది మెదడు కాదు, చెవి వెనక సన్నటి ఎముక సందులోంచి మొహానికి వచ్చే నరం. అది వాచిందట. "ఫికర్ చేయకుండ్రి. చానామందికి తిరిగొస్తది," అన్నాడు.

ఎక్కువ భాగం చచ్చుబడితే తక్కువ జబ్బు అని చెప్పే లెక్క నేను ఎక్కడా వినలేదు. పైగా నన్ను బయటికి పంపి సుజాతను ఉండమన్నాడు. తలుపు అద్దంలోంచి చూశాను. డాక్టరు ఏదో చెబుతున్నాడు, ఆమె తల ఊపుతోంది. బయటికొచ్చాక ఏమన్నాడని అడిగితే, "కంట్ల చుక్కలు ఎట్లేయాల్నో చెప్పిండు," అంది నా కళ్లలోకి చూడకుండా.

అబద్ధమని అప్పుడే తేల్చుకున్నాను. పక్షవాతమే. భార్యకు చెప్పాడు, నాకు దాచాడు.

శివరాత్రి దాకా

మనిషికి అనుమానం పడితే ప్రతిదీ సాక్ష్యంగానే కనపడుతుంది. సుజాత నేను మాత్రలు మింగేదాకా ఎదుటే నిలబడేది. ఏనాడూ నా మాత్రల గురించి పట్టించుకున్న మనిషి కాదు. ఫోన్ మోగితే వాకిట్లోకి వెళ్లి మాట్లాడేది. పడుకునే ముందు నా ఎడమ కన్ను మూసి, రెప్పకు కాగితపు టేపు అంటించి, కాసేపు అలాగే చూస్తూ కూర్చునేది. ఏం చూస్తున్నావని అడిగితే, "ఊడిపోతదేమోనని," అనేది. అవ్వ సంగతి మరీ విడ్డూరం. నేను అన్నానికి కూర్చుంటే పక్క గదిలోకి వెళ్లిపోయేది. మూతి పక్క నుంచి పప్పు కారుతుంటే చూడలేక అసహ్యపడుతోందనుకున్నాను. కన్నతల్లి కూడా ఇంతేనా అని నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఒక కన్ను ఏడ్చింది, ఇంకోటి ఊరికే నీరు కారింది.

మల్లేశం అరటిపండ్లు తీసుకుని వచ్చేవాడు. నా సాంచలు కూడా తనే చూసుకుంటున్నాడట. "నువ్వొచ్చేదాక నడుపుత అన్నా, ఇంకోన్ని రానియ్య," అన్నాడు. వెళ్లేముందు నా మొహం వైపు పరీక్షగా చూశాడు. నా చోటు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తున్నాడనిపించింది.

అవ్వకు చెన్నూరులో ఒక దూరపు చుట్టం ఉంది. అక్కడ పసరు పోసే మనిషి దగ్గరికి పోదామని అవ్వ, వద్దని సుజాత. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది.

"డాక్టరు మందులు నడుస్తున్నయి గదా అత్తా. కంట్ల పసరు గిసరు పడితె ఉన్న కన్ను పోతది."

"మీ మామకు గుడ ఇట్లనే దవఖానల సుట్టు తిరిగినం. ఏమైంది?"

మామ పేరు వచ్చేసరికి సుజాత నోరు మెదపలేదు. ఆమె ఊరుకోవడం నాకు మరో సాక్ష్యం. చెన్నూరుకు నేనే వెళ్లనన్నాను. డాక్టరును నమ్మనివాడిని పసరాయనను మాత్రం ఎందుకు నమ్మాలి? ఈ గుణం వల్ల జీవితంలో చాలా పోగొట్టుకున్నాను గానీ, ఆ ఒక్కసారి మాత్రం అది నా కన్ను కాపాడింది.

మందుల కోర్సు అయిపోయాక ఫిజియోథెరపీకి పంపారు. కరీంనగర్‌లోనే ఒక చిన్న హాలు. గోడకు పెద్ద అద్దం, దాని ముందు కుర్చీ. అక్కడి మేడం చిన్న వయసు పిల్ల. నన్ను అన్నా అని పిలిచేది. వెచ్చటి గుడ్డ పెట్టి, రెండు వేళ్లతో బుగ్గను చెవి వైపు మెల్లగా రాసి చూపించింది. అద్దంలో చూసుకుంటూ కొద్దిగా నవ్వమంది. కుడి పక్క ఎక్కువ పరుగెత్తితే దాన్ని వేలితో ఆపమంది.

"బలం పెట్టొద్దన్నా. కొద్దిగనే చేయుండ్రి, మంచిగ చేయుండ్రి. అలసిపోతె ఆపుండ్రి."

అంత పెద్ద మనిషిని అద్దం ముందు కూర్చోబెట్టి, కొంచెంగా నవ్వు, కొంచెంగా ఊదు అంటే అది వైద్యమా? బాగుకాని రోగిని ఊరికే తిప్పుకుంటున్నారనిపించింది. ఒళ్లు వంచి పనిచేస్తేనే గుడ్డ దిగే బతుకు మాది. బలం పెట్టకుండా ఏదైనా వస్తుందంటే మా కులంలో ఎవడూ నమ్మడు.

అందుకని నా వైద్యం నేనే మొదలుపెట్టాను. షెడ్డు నుంచి ఒక పాత నాడె తెప్పించుకున్నాను. డాబా మీద నీళ్ల ట్యాంకు వెనక కూర్చుని, ఎడమ పెదవిని వేళ్లతో పట్టి మూసి, ఆ రంధ్రంలోంచి గాలి పీల్చేవాడిని. దవడలు నొప్పి పుట్టేదాకా, తల తిరిగేదాకా. వేళ్లు తీసేసినా పోగు ఏనాడు బయటికొస్తే ఆనాడు నాకు నయమైనట్టు. దానికంటే నికరమైన పరీక్ష ఏ డాక్టరు దగ్గరుంటుంది? ఎవరికీ చెప్పలేదు.

ఎండలు

ఉగాది దాటాక ఒకరోజు వేళ్లు పెట్టకుండానే పోగు వచ్చింది. నాలుక మీద నూలు తగలగానే నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఎడమ మూతి కొద్దిగా పలుకుతోంది. మందుల వల్లనో, దాని సమయానికదో, మేడం చేతి చలువో, అదంతా నాకు అనవసరం. నా నాడె వల్లే వచ్చిందని నిశ్చయించుకుని ఇంకా గట్టిగా పీల్చాను.

ఎండలు ముదిరేసరికి ఇంకోటి మొదలైంది. మూతి సున్నాలా చుడితే ఎడమ కన్ను దానంతటదే మూసుకుంటోంది. నవ్వితే కన్ను గీటినట్టు అవుతోంది. మా వీధిలో కూరగాయలమ్మే ఆమె చిల్లర ఇస్తే మర్యాదకు నవ్వాను. ఆమె గిర్రున తిరిగి వెళ్లి సుజాతతో చెప్పింది. ఇన్నాళ్లూ నేను లోకాన్ని అనుమానించాను, ఇక లోకం వంతు వచ్చింది.

తర్వాతిసారి ఫిజియోథెరపీకి సుజాతతో పాటు అవ్వ కూడా మొండికేసి వెంట వచ్చింది. మేడం నన్ను అద్దం ముందు కూర్చోబెట్టి మూతి చుట్టమంది. కన్ను మూసుకుంది. ఆమె మొహం మారిపోయింది.

"ఇంట్ల ఏం చేస్తుండ్రన్నా?"

"మీరు చెప్పిందే."

సుజాత సంచిలోంచి నాడె తీసి బల్ల మీద పెట్టింది. "గీయన చేసేది గిది మేడం. పొద్దుందాక డాబా మీద కూసోని పీల్చుడే. నేను సూస్తలేననుకుంటుండు."

మేడం నాడెను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పాడైన నరం కొత్తగా పెరుగుతూ వస్తుందని, ఒక్కోసారి మూతికి పోవాల్సిన పాయ కంటికి పోతుందని, అది ఎవరికైనా జరగవచ్చు గానీ బలం పెట్టి లాగితే ఆ తప్పు ఇంకా గట్టిపడుతుందని చెప్పింది. అది నాకు వెంటనే అర్థమైంది. ఒక పోగు దాని సందులో కాకుండా పక్క సందులో పడితే, సాంచ ఎంత జోరుగా నడిపితే అంత పొడుగునా తప్పు గుడ్డ దిగుతుంది. ఆపి, ఓపికగా విప్పి, మళ్లీ ఎక్కించాలి. నాలుగు నెలల్లో నాకు చెప్పినవాటిలో నేను నమ్మిన మొదటి మాట అదే.

అది నమ్మాను కాబట్టి, లోపల కుళ్లుతున్న రెండో మాట కూడా అడిగేశాను.

"మేడం, నిజం చెప్పుండ్రి. నాది పక్షవాతమే కదా? మా ఇంటిదానికి డాక్టరు చెప్పిండు. నాకు దాస్తుండ్రు."

సుజాత నా వైపు వింతగా చూసింది. "ఏం దాసిన?"

"ఆ రోజు తలుపేసుకొని ఏం చెప్పిండు నీకు?"

"ఏం చెప్పిండా? ఈయన అనుమానం మనిషి లెక్కున్నడు, మాత్రలు మింగుతడో పారేస్తడో, నువ్వే నిలవడి మింగియ్యిమన్నడు. గది నీ మొకం మీద ఎట్ల చెప్పాలె?"

మేడం నవ్వు ఆపుకుంది. ఫోన్ల సంగతి కూడా అప్పుడే తేలింది. కరీంనగర్ వచ్చే రోజు ఖాయం చేసుకోవడానికి ఈ మేడంతోనే మాట్లాడేదట. అయినా నేను తగ్గలేదు. నుదురు కదలకపోతే పక్షవాతం కాదనే మాట ఎవరు కనిపెట్టారని వాదించాను. మేడం మళ్లీ మొదటి నుంచి చెప్పింది. మెదడు జబ్బయితే మూతి పోయినా నుదుటి మీద ముడతలు పడతాయని, తన రెండు కనుబొమ్మలు లేపి చూపించింది.

అప్పటిదాకా గోడవారగా కూర్చున్న అవ్వ లేచి నిలబడింది. మేడం నుదుటి వైపే చూస్తోంది.

"మా ఆయనకు లేచేటియి," అంది.

మేడం కనుబొమ్మలు దించి ఆమె వైపు తిరిగింది.

"నోరు పోయింది, చెయ్యి పోయింది, కాలు పోయింది. గా బొమ్మలు రెండు మాత్రం లేచేటియి బిడ్డా. సాంచల కాడ మాట్లాడినట్టే మంచంల పండుకొని నాతోని మాట్లాడేటోడు. నీళ్లు గావాల్నంటె లేపేటోడు. కోపమొస్తె రెండు దగ్గరికి గుంజేటోడు. ఆఖరి దినం దాక గవే మాట్లాడినయి."

తర్వాత నా దగ్గరికొచ్చి, "ఏదీ, నువ్వు లేపు," అంది. లేపాను. కుడిది లేచింది. ఎడమది లేవలేదు. అవ్వ చాలాసేపు చూసింది. ఆ చదునైన నుదురు చూసి ఆమె మొహం మెల్లగా తెరిపిన పడింది. డాక్టరు మొహంలో ఆ రోజు నేను చూసిన తృప్తి అదే. నాకు అంత కోపం తెప్పించిన ఆ తృప్తికి అర్థం అవ్వ మొహంలో తెలిసింది.

"నీ మొకంల ఆయన కనవడుతుంటె నీ ముంగట అన్నం తినలేకపోయిన కొడుకా," అంది. "నువ్వు గుడ గట్లనే పోతవనుకున్న."

ఇన్ని రోజులు ఇంట్లో ముగ్గురం ఒకే భయంతో ఉన్నాం. నేను వాళ్లు దాస్తున్నారనుకున్నాను. వాళ్లు నాకు తెలిస్తే తట్టుకోలేననుకున్నారు. దాచడానికి అక్కడ ఏమీ లేదు. నాకు సిగ్గనిపించింది, అంతకంటే ఎక్కువ ఆకలేసింది. బయట బండి మీద ముగ్గురం మిర్చీలు తిన్నాం.

వానలు

ఆ తర్వాత మేడం చెప్పినట్టే చేశాను. నాడె ఆమె దగ్గరే ఉంచేసుకుంది. అద్దం ముందు కూర్చుని, మూతి కొద్దిగా చుడుతూ కన్ను తెరిచి ఉంచడం నేర్చుకున్నాను. చూసేవాళ్లకు అది పనిలా కనపడదు. నాకు మాత్రం రెండు సాంచలు నడిపినంత అలసట వచ్చేది. కొన్ని రోజులు ముందుకు పోయినట్టుండేది, కొన్ని రోజులు వెనక్కి వచ్చినట్టుండేది. విసుగొచ్చి అద్దం బోర్లా పెట్టిన రోజులూ ఉన్నాయి.

కన్ను పూర్తిగా మూసుకోవడం వచ్చాక షెడ్డుకు వెళ్లాను. అంతకు ముందు దూది నూగు కంట్లో పడుతుందని డాక్టరు వద్దన్నాడు. మల్లేశం నా సాంచల పక్క నుంచి తప్పుకుని, నూనె గుడ్డ నా చేతికిచ్చి, తన సాంచల దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ మనిషిని నేనెంత మాట అనుకున్నానో అతనికి తెలియదు. తెలియకపోవడమే మంచిదని ఊరుకున్నాను.

ఇది చదివేవాళ్లలో ఎవరికైనా పొద్దున లేచేసరికి మూతి వంకరపోతే, నాలా నాడె పగిలిందని, పక్కవాడు వెక్కిరించాడని కూర్చోకండి. అదే రోజు పెద్దాసుపత్రికి పరుగెత్తండి. నుదురు కదిలిందా లేదా అని ఇంట్లో మీరే తేల్చుకోకండి, అది పక్షవాతమా కాదా చెప్పాల్సింది డాక్టరే. రెండింటిలో ఏదైనా తొందరగా వెళ్లడమే మందు. కన్ను ఎండిపోకుండా చూసుకోండి. తర్వాత అద్దం ముందు కూర్చోబెట్టే మనిషి కొంచెం చెయ్యమంటే కొంచెమే చెయ్యండి. నేను ఈల వేస్తే నా కన్ను ఇప్పటికీ కాస్త చికిలిస్తుంది. అది నేను బలం పెట్టి సంపాదించుకున్నది.

చివరగా నుదురు సంగతి. అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది అదే. శ్రావణంలో ఒక పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దంలోకి చూస్తే, ఎడమ కనుబొమ్మ మీద సన్నటి ముడత పడింది. మళ్లీ లేపాను. మళ్లీ పడింది. సంతోషపడాల్సింది, గడ్డం గీయడం ఆపేశాను. నుదురు కదలకపోతే పక్షవాతం కాదన్నారు కదా. మరి కదిలితే? బాపుకు కదిలేది కదా. ఇన్ని నెలలు నేర్చుకున్నదంతా ఒక్క క్షణంలో తలకిందులైంది. సగం గీసిన గడ్డంతో, నురగ మొహంతో అవ్వ దగ్గరికి వెళ్లాను. ఆమె వాకిట్లో చేటతో బియ్యం చెరుగుతోంది.

"అవ్వా, కదులుతుంది. సూడు. బాపుకు కదిలినట్టే కదులుతుంది."

అవ్వ చేట కింద పెట్టింది. నన్ను వంగమంది. కొంగుతో నురగ తుడిచి, ఎడమ కనుబొమ్మ మీద బొటనవేలు ఆనించి, "ఇప్పుడు లేపు," అంది. లేపాను. ఆమె వేలి కింద ముడత పడటం నాకే తెలిసింది. ఆమె వేలు తీయలేదు.

"మీ బాపుది ఎన్నడు ఆగలే కొడుకా," అంది. "నీది ఆగి, మళ్ల వచ్చింది."

ఈసారి నమ్మాను.